బోనసుగా షాంపూ

తమ్ముడు మున్‌సిక్‌కు,

కంపెనీ లెక్కలు నీకేం తెలుసంటూ ఫోను పెట్టేశావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను, దీని నోరు మూయించలేవు.

ఈ చుసాక్ కోతల పండక్కి బోనసు డబ్బుకు బదులు, గోదాములో అమ్ముడుపోక మిగిలిన షాంపూకి రిబ్బను కట్టి పంచారు మీరు. పనివాళ్ళు అత్తారింటికి అదే పట్టుకెళితే అక్కడా అదే ఉంది. నిన్న మన వీధిలో పండగ మిఠాయిలమ్మే సన్‌రే దగ్గరికీ అదే తెచ్చి మిఠాయి ఇమ్మన్నారు.

"అక్కా, మా కొట్లో ఇక తలంట్లే, తిండి లేదు. మీ తమ్ముణ్ణి పంపు, ముందు ఆయన తలే రుద్దుతా!" అని నవ్వింది. నవ్వుతూనే, పండగ కాగానే, బేరాల్లేక కొట్టు మూసేస్తానంది.

కంపెనీకి లాభం లేదా? బ్యాంకులో మూలుగుతోంది. దేశానికి ఎగుమతుల్లో మిగులట, టీవీలో చంకలు గుద్దుకుంటున్నారు. ఇక్కడ జనం చేతిలో డబ్బే లేకపోతే మీ షాంపూ ఎవడు కొంటాడు? మళ్ళీ గోదాములోనే మిగులుతుంది. వచ్చే పండక్కి మళ్ళీ రిబ్బను కడతారా?

సోమవారం బోర్డు మీటింగులో, బోనసు డబ్బుగానే ఇద్దామని నోరు తెరిచి చెప్పు. చెప్పలేదో, మంగళవారం ఫ్యాక్టరీ గేటు దగ్గర యూనియన్ మైకు నా చేతిలో ఉంటుంది. నిన్ను డైరెక్టరుగారూ అని పిలవను. అమ్మ పెట్టిన ముద్దుపేరుతోనే పిలుస్తాను, ఊరంతా వినేలా.

మీ అక్క