గోపయ్య పంతులు ముఖం

జూన్ 6, 1948. సూర్యాపేట.

దొర బంగళాలో నాకు మేడ మీద గది ఇచ్చారు. ఉత్తరం వైపు కిటికీ. వెలుతురు రోజంతా ఒకేలా ఉంటుంది. ఇంత మంచి గదిలో నేనెప్పుడూ బొమ్మ వేయలేదు.

హైదరాబాదులోని మా ఆర్ట్ కాలేజీ ఈ ఏడు నన్నొక్కణ్ణే పంపింది. వానాకాలమంతా ఇక్కడే ఉండి, ఈ బంగళాలోనే ఉండే చిత్రకారుడు జగదీశ్ సార్ దగ్గర నేర్చుకోవాలి. ఆఖరున కాలేజీ గ్యాలరీలో నా ఎగ్జిబిషన్. మిర్యాలగూడ మిషన్ బడిలో వంటామె కొడుకు దానియేలు పేరు గోడ మీద! అమ్మకు చెప్తే, "గోడ మీద రాస్తే వానకు పోదా?" అంది.

జూన్ 11.

సార్ నా ల్యాండ్‌స్కేప్‌లన్నీ పక్కన పెట్టించారు. ఊళ్ల వెంట తిరిగి ముఖాలే గీయాలట.

"అందం నాకొద్దు దానియేలూ. మచ్చ ఉంటే మచ్చ, గాటు ఉంటే గాటు. సూడంగనే గీడు ఫలానోడు అని తెల్వాలె."

చార్‌కోల్ ఎలా పట్టుకోవాలో, దవడ ఎముక దగ్గర ముఖం ఎలా మొదలుపెట్టాలో చూపించారు. ఆయన చేయి వణుకుతుంది. గీత మాత్రం వణకదు.

జూన్ 24.

నేరేడుచర్ల దగ్గర గొర్లకాపరి కొమురయ్యను గీశాను. ముఖమంతా అమ్మవారి మచ్చలు, చీలిన ఎడమ చెవి. చూసి పగలబడి నవ్వాడు. "గిది నేనా? మా అయ్య లెక్కనే ఉన్న గద!" అన్నాడు. ఆ బొమ్మ తనకిమ్మని అతని భార్య భద్రమ్మ అడిగింది. ఎగ్జిబిషన్ అయ్యాక ఇస్తానన్నాను.

సార్ చాలాసేపు చూసి నా భుజం తట్టారు. అట్టకు అతికించి మౌంట్ చేయించాలంటూ స్కెచ్ తీసుకుని కిందికి వెళ్లారు.

జూలై 2.

కింద దొర దగ్గర పోలీసు అమీన్ కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఇద్దరూ మాటలు ఆపేశారు.

జూలై 15.

భద్రమ్మ వచ్చింది. గేటు దగ్గరే నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లకు కొమురయ్య అన్నం పెట్టాడట. అది తెలిసిపోయిందని బామ్మర్ది ఊళ్లో వేరే పేరుతో తలదాచుకున్నాడట. అమీన్ మనుషులు ఆ ఊరి మగవాళ్లను వరసగా నిలబెట్టి, ఒక కాగితాన్ని ఒక్కొక్కరి చెంప పక్కన పెట్టి చూశారట.

"నీ కాయితమే బిడ్డా. చెవి సుత ఏసినవ్ గద."

వాగు దాటించి కాల్చేశారు.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఇంకొకటి గీసియ్యి. నా కాడ ఆయన మొకం లేదు" అంది.

గేటు పక్కన నేల మీద కూర్చుని గీసిచ్చాను. చేయి ఎక్కడా తడబడలేదు. అది చూసి నాకే భయం వేసింది.

జూలై 15, సాయంత్రం.

సార్‌ని అడిగాను. కుర్చీలోంచి లేవలేదు.

"గ్యాలరీ కట్టిచ్చింది ఎవరనుకున్నవ్? ఈ దొరనే. నేను కాదంటే రేపు నా మొకం ఇంకొకడు గీస్తడు." తర్వాత గొంతు తగ్గించి: "పారిపోకు. మిర్యాలగూడల మీ అమ్మ ఉన్నది. వాళ్లకెరుకే."

జూలై 16.

ఏమీ గీయలేదు.

ఆగస్టు 9.

ఈరోజు అమీన్ సార్‌ని వెంటబెట్టుకుని నా గదికే వచ్చాడు. గోపయ్య పంతులు కావాలట. త్రిపురారం బడి వదిలేసి సంఘంలో కలిశాడట. ఆయన ఎలా ఉంటాడో అమీన్ మనుషుల్లో ఎవరికీ తెలియదట. నాకు తెలుసని ఎవరు చెప్పారో! చిన్నప్పుడు మా బడిలో పలక మీద నా చేత మొదటి బొమ్మ వేయించింది ఆయనే.

"మతికి తెచ్చుకోని గియ్యి" అని అమీన్ నా మంచం మీద కూర్చున్నాడు. సార్ తల ఎత్తలేదు.

పంతులుది గుండ్రటి ముఖం, బట్టతల. నేను కోల ముఖం గీశాను. దట్టమైన జుట్టు, లోతు కళ్లు. వాళ్లు నమ్మాలి కదా, కుడి కనుబొమ్మ మీద ఒక గాటు కూడా పెట్టాను. అది ఎవరి ముఖమూ కాదు. కానీ నేను వేసిన పోర్ట్రెయిట్‌లన్నిటిలో ప్రాణమున్నది దానికే.

సార్ బొమ్మను చూశారు. నన్ను చూశారు. చూసి గీసిన గీత ఏదో, కల్పించిన గీత ఏదో ఆయనకు తెలియకుండా ఉంటుందా!

"మంచిగ కుదిరింది" అంటూ అమీన్ చేతికిచ్చారు.

ఆగస్టు 13.

అన్నం సహిస్తోంది. కొమురయ్యకు చేయలేనిది పంతులుకు చేశాను.

ఆగస్టు 21.

గోపయ్య పంతులు దొరికాడని బంగళాలో మిఠాయి పంచారు.

కోదాడ అవతల ఒక తోటలో కట్టేసి ఉంచారట. తన పేరు ఎర్రయ్య అంటున్నాడట. బండి తోలుకు బతికేవాణ్ణి, అక్షరమ్ముక్క రాదు అని మొత్తుకుంటున్నాడట. ఎవరూ నమ్మడం లేదు. కోల ముఖం, కళ్లు, జుట్టు, అన్నీ సరిపోయాయట. కనుబొమ్మ మీద గాటు కూడా ఉందట.

అమ్మను వెంటనే బెజవాడలో పిన్ని ఇంటికి పొమ్మని కబురు పంపాను.

సార్ నా చేతిలో మిఠాయి పెట్టి, చెయ్యి వదల్లేదు. "పోకు దానియేలూ" అన్నారు. నేను పోతానని అననే లేదు.

ఆగస్టు 22, పొద్దున.

కోదాడ బస్సు వచ్చింది. అతను గోపయ్య కాదని చెప్పగలిగినవాణ్ణి నేనే.