తథాస్తు అన్న నోరు

అనకాపల్లి

ప్రియమైన కుమారీ,

ఫోన్ తీస్తే తల్లిదండ్రుల గ్రూపులే మోగుతున్నాయి, అందుకే కాగితం పట్టాను. మా హాస్టల్ స్కూల్లో ఈ ఏడు నన్ను నలభైమందికి ‘అమ్మ టీచర్’ని చేశారు. పగలు పాఠాలు, సాయంత్రం వాళ్ల ఏడుపులు, ఆపైన వాళ్ల ఇళ్లకు నవ్వుతూ ఫోన్లు. మొహంలో విసుగు కనిపించకూడదని ప్రిన్సిపాల్ త్రినాధరావు గారి పట్టు. కనిపించదులే, అసలు లోపలే ఏమీ లేదు. సముద్రం ఒడ్డున పూడిమడక నుంచి వచ్చిన పిల్ల సుప్రియకు తల్లి పోయి ఏడాది కాలేదు. నిన్న నా ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. నా చెయ్యి దానంతటదే తల నిమిరింది. నేను మాత్రం రేపు టిఫిన్ ఏం చెయ్యాలా అని ఆలోచిస్తున్నాను. భయమేస్తోందే.

నీ దుర్గ

కె. కోటపాడు

ప్రియమైన దుర్గా,

ట్రైనింగ్‌లో నీ నవ్వు చూసి, టీచరంటే ఇలా ఉండాలని మేడమ్ అనేవారు, మరిచావా? గురువంటే తల్లి తర్వాత తల్లి. తల్లికి విసుగేమిటి? మనసు రాకపోయినా నోటితో మంచి మాట అను, మనసు వెనకాలే వస్తుంది. నేను చేసేదీ అదే. గురుపూజ వస్తోందిగా, పిల్లలు కాళ్లు కడిగితే అలసటంతా పోతుంది. ఈ సంగతి మాత్రం ఎవరి దగ్గరా అనకు. లోకులు పలుగాకులు.

నీ కుమారి

అనకాపల్లి

ప్రియమైన కుమారీ,

గురుపూజ అయింది. మా దగ్గరొక ఆచారం పెట్టారు. పిల్లలు పాదాలు కడిగి చెవిలో కోరిక చెబుతారు, టీచర్ తథాస్తు అనాలి, కాదనకూడదు. వరసగా అందరికీ అన్నాను, నువ్వు చెప్పినట్టే, నోటితో. సాయంత్రం హాజరులో సుప్రియ లేదు. పొద్దున అది నా చెవిలో చెప్పిన మాట అప్పుడు వినిపించింది.

“మాయమ్మ కాడికెల్లిపోతాను టీచరూ.”

అమ్మ సముద్రంలో కలిసిపోయిందని ఇంట్లో చెప్పారట. ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వెళ్లిపోయింది. పూడిమడకలో నడుంలోతు నీళ్లలో ఉంటే వలలు లాగేవాళ్లు చూసి ఒడ్డుకు తెచ్చారు. బతికింది. నన్ను చూసి, “మీరు తథాస్తన్నారు గదేటి” అంది. నాకు ఏడుపు రాలేదు కుమారీ. ఆ నవ్వు మొహమే వచ్చింది, ఇంకా పోవడం లేదు. ఇక బడికి వెళ్లలేను. నీ దగ్గరకు రానా?

నీ దుర్గ

కె. కోటపాడు

ప్రియమైన దుర్గా,

వెంటనే వచ్చెయ్. నోటితో అంటే చాలని నేను రాసిన మాట చించి పారెయ్.

మధ్యాహ్నం భోజనాల వేళ బళ్లో కూర్చుని రాస్తున్నాను. ఇందాక నాలుగో తరగతి పిల్ల, చిన్నమ్మలు అని, వచ్చి బల్ల పక్కన నిలబడి ఏదో చెప్పింది. తలెత్తకుండానే అలాగే తల్లీ అన్నాను, వెళ్లిపోయింది. ఏం చెప్పిందో ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. గంట కొట్టారు, పిల్లలంతా లోపలికొచ్చారు. దాని సంచీ ఉంది, అది లేదు. వెతకడానికి వెళ్తున్నాను.

కుమారి