చెయ్యి పెట్టి చూడని బూడిద

ఆగస్టు 11

ఈ రోజు ఎల్డన్ మీద కేసు రాశాను. ఈ అడవిలో రేంజర్‌గా నాకిది పంతొమ్మిదో వేసవి. పంతొమ్మిది వేసవులూ ఆ ముసలాయన ఆగస్టులో కింది సరస్సుకి వస్తూనే ఉన్నాడు. డెబ్బై ఆరేళ్లు. నిరుడు చలికాలంలో భార్య మార్గిట్ పోయింది. ఆవిడకి ఇష్టమని ఒడ్డునే రాళ్ల పొయ్యి పేర్చుకుని ట్రౌట్ చేపలు వేయించుకున్నాడు. ఒడ్డున నిప్పు పెట్టకూడదని, పైగా ఈ నెలంతా మంటల మీద నిషేధం ఉందని ఆయనకి తెలియక కాదు. చీటీ తల వంచుకుని తీసుకున్నాడు. నాకు జాలేసింది, ఒళ్లు మండింది కూడా.

పొయ్యిలో ఆరు గిన్నెల నీళ్లు పోశాడు. చెయ్యి పెట్టి చూసుకోమన్నాడు. ప్రతి సీజన్‌లో కొత్త రేంజర్లకి నేను చెప్పే మొదటి పాఠం అదే. గ్లవ్ తీసి బూడిదలో అడుగుదాకా చెయ్యి పెట్టాలి, చల్లగా తగిలితేనే నిప్పు చచ్చినట్టు. కానీ నిన్న రంపం తగిలి నా కుడి అరచేతికి కట్టు ఉంది. ఎడమ చెయ్యి ఒకటి ఉందన్న సంగతి అప్పుడు తోచలేదు. బూడిద తడిగానే కనిపించింది. చాల్లే అనుకున్నాను.

ఆయన పై సరస్సు వైపు కదిలాక, అది చూసి ఇంకొకరు అక్కడే నిప్పు పెట్టకుండా పొయ్యి ఆనవాళ్లు చెరిపేశాను. రాళ్లని మసి కిందికి తిప్పి పొదల్లోకి దొర్లించాను. బూడిదని దూరంగా పలచగా చల్లాలి. ఓపిక లేక ఉన్నచోటే గుంట తీసి పూడ్చేశాను. మట్టి కప్పి, పైన్ ఆకులు పరిచి, చీకిన కొమ్మలు అడ్డదిడ్డంగా పడేశాను. ఆ ఒడ్డున ఈ వారం నేను చెరిపిన ఐదో పొయ్యి ఇది. ఇక్కడ మనిషి కూర్చున్నాడంటే ఎవరూ నమ్మరు. నేనే మళ్లీ వచ్చినా పోల్చుకోలేను. ఇంత నీటుగా ఎప్పుడూ చేయలేదు.

ఆగస్టు 12

వాన లేదు. గాలి మొదలైంది.

ఆగస్టు 13, ఉదయం 6:40

పొగ వాసన.

ఉదయం 7:15

క్యాబిన్‌లో నా స్టవ్ కాదు. మూడుసార్లు చూశాను.

రేడియోలో రాయిస్‌కి చెప్పాను. మా సూపర్‌వైజర్, కొండ కింద ఆఫీసులో ఉంటాడు. మంటలు కనిపెట్టే టవర్ మీది వాళ్లకి ఏమీ కనిపించడం లేదట. మోంటానాలో సగం ఆకాశం పొగేనని, అవతలి లోయలోంచి వచ్చుంటుందని నవ్వాడు. వాసన వస్తోందని మాత్రమే చెప్పాను. పూడ్చిన బూడిద మాట ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో నాకు బాగా తెలుసు.

సాయంత్రం 5:30

రోజంతా ఒడ్డున వెతికాను. దొరకలేదు.

ఎంత చక్కగా దాచానో ఇప్పుడు తెలుస్తోంది. అన్ని చోట్లా అవే ఆకులు, అవే చీకిన కొమ్మలు. ఫిర్ చెట్లన్నీ ఒకేలా ఉన్నాయి. మోకాళ్ల మీద పాకుతూ ఎడమ చెయ్యి నేలకి ఆనించి చూస్తూ పోయాను. ఎండకి నేలంతా వెచ్చగానే ఉంది. గాలి ఇటు తిరిగితే వాసన వస్తుంది, అటు తిరిగితే పోతుంది. నిప్పు చెట్టు వేరుని పట్టుకుందంటే నేల కింద ఎంత దూరమైనా పాకుతుంది. ఎక్కడ పైకి లేస్తుందో చెప్పలేం.

పొద్దుట్నుంచి ఏమీ తినలేదు. తీరిక లేక అని రాయాలనుంది. కాదు, భయం.

ఆగస్టు 14, ఉదయం 9:50

మధ్యాహ్నం మూడింటి నుంచి పెనుగాలులని రేడియోలో హెచ్చరిక. ఎల్డన్ ఇంకా పైనే ఉన్నాడు. దిగడానికి ఉన్న ఒకే దారి ఈ ఒడ్డు మీదుగానే. రెండు వైపులా ఎండిపోయిన ఫిర్ చెట్లు. ఇది అంటుకుంటే ఆయనకి దారి లేదు.

వాసన వస్తోందంటే హెలికాప్టర్ పంపరు. కారణం చెప్తే పంపుతారు.

ఉదయం 10:20

చెప్పేశాను.

"నేనే పూడ్చాను రాయిస్. చెయ్యి పెట్టి చూడలేదు."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఎక్కడ పూడ్చావో చెప్పు వెర్నా, చాలు. నీళ్లు అక్కడే పోయిస్తా."

తెలియడం లేదన్నాను. ఆ మాట అనడం మొదటి మాటకన్నా కష్టమైంది. మనుషుల్ని పంపుతానని, మూడు గంటలు పడుతుందని, ఈలోగా ఆ చోటు కనిపెట్టమని అన్నాడు.

మధ్యాహ్నం 12:50

ఎల్డన్ వచ్చాడు. పైన గాలి నచ్చక ఒక రోజు ముందే దిగాడట. నన్ను నేలమీద పాకుతూ చూసి ఏం పోగొట్టుకున్నావని అడిగాడు. చెప్పాను. ఎత్తిపొడుస్తాడనుకున్నాను, ఆ హక్కు ఆయనకుంది. సంచి దించి, నేలమీద కూర్చున్నాడు. సరస్సు అవతలి శిఖరం వైపు చూశాడు. లేచి నాలుగడుగులు పక్కకి జరిగి మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. మతి పోయిందేమోనని హడలిపోయాను.

"ఆ రోజు చేప వేగినంతసేపూ ఆ కొండ కొన రెండు చెట్ల సందులో సరిగ్గా మధ్యన ఉందమ్మాయ్. మార్గిట్ ఎప్పుడూ అలా కనిపించే చోటే కూర్చునేది."

ఏడోసారి కూర్చున్నాక కదల్లేదు. తన బూట్ల ముందు నేలని చూపించాడు. కొమ్మలు లాగేసి ఎడమ చెయ్యి దూర్చాను. మణికట్టుదాకా వెళ్లకముందే కెవ్వున అరిచాను.

ఆయన నీళ్లు తెచ్చేలోగా కట్టున్న కుడి చేత్తోనే రాస్తున్నాను. ఎడమ చేతి నాలుగు వేళ్లూ పొక్కాయి. ఆ బాధ ఎంత సంతోషంగా ఉందో.

సాయంత్రం 6:10

తవ్వాం. నేను పారతో, ఆయన వంటగిన్నెతో నీళ్లు మోస్తూ. మోచెయ్యంత లావు వేరు ఎర్రగా కణకణలాడుతూ పెద్ద ఫిర్ కిందికి పోయింది. హెలికాప్టర్‌లో వచ్చిన ఆరుగురు దాన్ని పట్టుకుని తవ్వుకుంటూ వెళ్లారు. గాలి మూడింటికే వచ్చింది. అప్పటికి వేరంతా నీళ్లలో తడుస్తోంది. తర్వాత అందరూ గ్లవ్స్ తీసి నేలంతా అంగుళం అంగుళం తడిమి చూశారు. చల్లగా ఉందన్నారు. నేను కూడా రెండుసార్లు తడిమాను. కాలిన వేళ్లకి ఏది వేడో ఏది చల్లనో తెలియలేదు. ఆ మాట పైకి అనలేదు.

ఆగస్టు 17

రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాను. ఎల్డన్ మీది కేసు ఎత్తేయమని రాయిస్‌ని అడిగాను. కుదరదట, ఒడ్డున నిప్పు పెట్టిన మాట నిజమేనట. నా సంగతి చలికాలంలో తేలుస్తారట.

సెప్టెంబర్ 9

రోజూ ఒడ్డుకి వెళ్లి వస్తున్నాను. వాసన లేదు. ఉన్నట్టు అనిపిస్తుంది.

అక్టోబర్ 4

క్యాబిన్ మూసి దిగిపోయే రోజు. తొలి మంచు పడింది. ఒడ్డంతా తెల్లగా ఉంది. తవ్విన చోటికి ఇరవై అడుగుల అవతల ఒక్కచోట మాత్రం, వంటగిన్నె మూతంత, మంచు నిలవలేదు.

గ్లవ్ తీశాను.