రెట్టింపు కావాలట

7, సోమవారం
పెనుకొండ నుంచి హిందూపురం ల్యాబుకి ఒక్కదాన్నే. నెల తప్పి రెండు వారాలు. సూది గుచ్చిన అమ్మాయి అడిగింది — "ఎవురూ రాలేదా అక్కా నీ జతకి?" లేదన్నాను.
గర్భం హార్మోన్ 1240. మొన్న కనబడిన చుక్క రక్తం సంగతి డాక్టరమ్మకే చెప్పాను, ఇంట్లో కాదు. గర్భం నిలవడానికి మాత్రలు రాసింది. బిడ్డ బాగుంటే రెండు రోజులకు ఆ అంకె దాదాపు రెట్టింపు కావాలట.

8, మంగళవారం
మూడో నెల పడేదాకా ఎవరికీ, అమ్మకు కూడా, చెప్పకూడదని అత్త. పక్కింటామె — "మొగమేల అట్ల పీక్కపోయిండాది?" "ఎండకు" అని నా బదులు అత్తే.
బెంగళూరు నుంచి మా ఆయన రమేశ్ ఫోను. అంకె సంగతి మాత్రం చెప్పాను. "ఏం కాదులే. నువ్వు నెట్‌లో చూడొద్దు." చూస్తూనే ఉన్నాను.

9, బుధవారం
1590. పెరిగింది... రెట్టింపు కాలేదు. "శుక్రవారం ఇంకోసారి చూద్దామమ్మా" — డాక్టరమ్మ కాగితం మీంచి తలెత్తలేదు.

10, గురువారం
అత్త శెనక్కాయలు వేయిస్తోంది. నిన్నటిదాకా ఆ వాసనకే పెరట్లోకి పరుగు. ఈ రోజు ఏమీ లేదు. బాణలి మీదికి వంగి మరీ పీల్చాను. లేదు.
"వాంతులు నిలిచిపొయినాయి సూడు. రమేశప్పుడు నాకూ ఇంతే." అత్త ముఖం నిండా సంతోషం.
హార్మోన్ పడిపోతే వాంతులు ఆగుతాయని చదివాను. ఊరికే కూడా ఆగుతాయనీ చదివాను. రొమ్ములు నొస్తున్నాయి — ఆ ప్రొజెస్టెరాన్ మాత్రలకీ నొస్తాయట. మత్తుగా నిద్ర — అదీ అంతే. నా ఒంట్లో ఏది బిడ్డది, ఏది మాత్రది?
వాంతి కోసం కాచుకుని కూర్చున్నాను.

11, శుక్రవారం
రక్తం ఇచ్చి హిందూపురం స్టేషన్ బెంచీ మీద. ధర్మవరం నుంచి అమ్మ ఫోను. వాంతులు నిలిచిన సంబరంలో అత్త తన మాట తానే మరిచి చెప్పేసిందట.
"నాతో దాస్తావా పాపా? మగ్గం ఇడిసిపెట్టి లేసొచ్చినా. చెప్పు, ఏం తినబుద్దయితాంది?"
చుక్క రక్తం, పెరగని అంకె... నోటిదాకా వచ్చాయి. అమ్మ నవ్వుతోంది. వెనక పిన్ని కూడా — "మనవరాలైతే నా పేరే పెట్టల్ల."
"ఓళిగలు" అన్నాను.
"రేపు తొలి రైలుకే ఎత్తుకోనొస్తా."
నాకు ఏదీ తినాలని లేదు. రిపోర్టు ఆరింటికట. ఇప్పుడింకా మూడున్నర.