పదిహేను రోజుల పథ్యం

బుధవారం రాత్రి

సాయంత్రం బాగ్‌బేరాలో తమ్ముడు సూరి ఇంటికి వెళ్లాను. వాడు రైలింజను నడుపుతాడు. రైల్వే వైద్యపరీక్ష దగ్గరపడితే తీపి, అన్నం మానేసి మంచి రిపోర్టు తెచ్చుకోవడం వాడి అలవాటు.

“పదిహేను రోజులే సన్నాసమండి బావగారూ, పదహారో రోజు జిలేబీయే,” అంది మరదలు పద్మ.

ఈసారి డాక్టరమ్మ మూడు నెలల చక్కెర సగటు చూపే పరీక్ష చేయించింది. దొరికిపోయాడు.

“డ్యూటీ నుంచి దించేత్తారేటి అన్నియ్యా?” అన్నాడు.

రిపోర్టు చదివాను. షుగర్ ఇంకా మొదటి దశలోనే ఉంది. కళ్లు, కిడ్నీలు బాగున్నాయి. మందులతో అదుపులోకి వస్తే మళ్లీ ఇంజను ఎక్కవచ్చని డాక్టరమ్మ చెప్పిందట. మూడు నెలలకు మరో పరీక్ష. అప్పటిదాకా ఏ పని ఇస్తారో తెలియదు. ఇంకో రెండుసార్లు ఇలాగే గట్టెక్కి ఉంటే ఏమయ్యేదో...

ధైర్యం చెప్పబోతే వాడు నవ్వాడు. “సచ్ బోలో, నిజం చెప్పు, నువ్వెప్పుడైనా ఈ పరీక్ష చేయించుకున్నావేటి?”

విలేకరిగా ఆరోగ్య శిబిరాల మీద ఎన్నో వార్తలు రాశాను. ఒక్క శిబిరంలోనూ నేను పరీక్ష చేయించుకోలేదు.

రేపు పరగడుపున పరీక్షకు వెళ్తున్నాను. సూరి తోడొస్తానన్నాడు. పద్మ వడ్డించిన అన్నం రోజూ తిన్నంతే తిన్నాను. ఉన్నది ఉన్నట్టు తెలియాలి.