బస్తా మూతి విప్పకుండానే

ఖమ్మం

రవికుమార్ గారికి నమస్కారం.

మార్చిలో ఇంటర్వ్యూ తర్వాత, మా సాఫ్ట్‌వేర్ కంపెనీలో మీకు ఉద్యోగం లేదని రాసింది నేనే. పద్నాలుగేళ్ల అనుభవం ఉన్న మీకు కాలేజీ పిల్లలకిచ్చే పజిళ్లే ఇచ్చి, నలభై నిమిషాలు గడువు పెట్టాను. "మేడం, ఇవి నాకు జల్దీ రావు. బ్లడ్ బ్యాంకుకు నేను రాసిన ప్రోగ్రాం ఉంది, ఒక్కసారి చూడున్రి" అన్నారు మీరు. టైం లేదన్నాను.

పజిళ్లన్నీ విప్పిన ఇంకో అబ్బాయిని తీసుకున్నాం. మొన్న మేం చూసుకునే ఒక ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ ఆగిపోతే, లోపం ఎక్కడ వెతకాలో అతనికి తెలియలేదు. సాయంత్రం దాకా రోగులు వరండాలోనే కూర్చున్నారు. అప్పుడు మీకు ఫోన్ చేసి, వెంటనే వచ్చి చేరమన్నాను.

"అప్పుడు నా పని చూడకుండనే వద్దన్నరు. ఇప్పుడు గూడ చూడకుండనే రమ్మంటున్నరు" అని ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాత ఎత్తలేదు.

మా నాన్న ఇక్కడి మిర్చి యార్డులో ఖరీదుదారు. బస్తా అడుగు దాకా చెయ్యి పోనిచ్చి, కాయ విరిచి చూస్తేగానీ ధర చెప్పరు. ఆయన కూతురినై ఉండి నేను బస్తా మూతి కూడా విప్పలేదు.

మీరు సరేనంటే ఆదివారం పాల్వంచ బస్సెక్కి మీ తండాకు వస్తాను. ఉద్యోగం మాట ఎత్తను. ఆ ప్రోగ్రాం ఒక్కసారి చూపిస్తారా?