ఏడాదికొక బంగారు గుండు

అమ్మా,

పెళ్లాం మాట విని మన వంశగౌరవాన్ని కృష్ణపట్నం రేవులో ముంచినందుకు నీ పాదాల మీద పడి క్షమాపణ వేడుకుంటున్నాను. మేమిద్దరం కులాసా.

ముసలితనానికి దాచుకునేదంతా బ్యాంకులో వేద్దామని నేను, కొంత బంగారం కొందామని రోజారమణి మూడు రోజులు వాదించుకున్నాం. "బ్యాంకులో ఉంటే, చేపల వేట ఆపిన రెండు నెలల్లో మామ కొత్త వల కావాలంటాడు, నువ్వు తీసిచ్చేస్తావు. నా తాళిలో గుండుగా ఉంటే ఎవురడగతారు బావా?" అనింది. డిగ్రీ చదివిన నేనే దిగొచ్చాను. సగం బ్యాంకుకు, మిగతా సగంతో ఏడాదికొక బంగారు గుండు అని సంధి కుదిరింది.

నాన్న మోకాలు ఎట్లుంది? నూనె రాస్తున్నావా? ఆదివారం పక్కింటి పెంచలన్న ఇటు వస్తాడంట, ఎండు నెత్తళ్లు పంపు. దుర్గక్కను అడిగినానని చెప్పు.

ఇక నిజం. ఈ ఏటి గుండు నేనొక్కడినే వెళ్లి కొన్నాను. రోజాకు ఇవ్వలేదు. పెంచలన్న తిరిగొచ్చేటప్పుడు నీకు పంపుతాను. నా కాలేజీ ఫీజుకు నీ తాళి గుండ్లు అమ్మినావు కదా, వాటిలో ఒకటి తిరిగొచ్చిందనుకో. రోజాకు చెప్పే ధైర్యం నాకు లేదు. నువ్వే ఫోన్ చేసి చెప్పమ్మా, నిన్నయితే తిట్టదు.

నీ చిన్నబాబు